ఆఫీసు ఫోను టీమ్స్‌లోకి మారవచ్చు, నంబరు మాత్రం మారకూడదు

సంపాదక మహాశయులకు నమస్కారం.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన తరువాత, వరంగల్‌లో విత్తనాలు, ఎరువులు పంపిణీ చేసే ఒక సంస్థలో ఫోన్లు, నెట్ లైన్ల పని చూసుకుంటున్నాను. మా ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో శాఖలు ఉన్నాయి. ఇంటర్‌కమ్ పెట్టెను, బల్లల మీది ఫోన్లను తీసేసి, సిబ్బంది రోజంతా సందేశాలకు, వీడియో సమావేశాలకు వాడే మైక్రోసాఫ్ట్ వారి టీమ్స్ యాప్ లోపలికే ఆఫీసు ఫోనును తెచ్చుకునే పనిలో గడచిన ఏడాది గడిచింది. మా ఊళ్లో ఆసుపత్రులు, చిట్‌ఫండ్ సంస్థలు, కాలేజీలు కూడా ఇదే దారి పడుతున్నందున, ఈ మార్పులో నేను చూసిన ఒక పెద్ద లోటును మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, టెలికాం శాఖ దృష్టికి తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మన దేశంలో మొబైల్ నంబరును ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకోవచ్చు గానీ, ల్యాండ్‌లైన్ నంబరును అలా మార్చుకునే వీలు నేటికీ లేదు. ఆఫీసు ఫోనును కంప్యూటర్‌లోకి తేవాలనుకునే ప్రతి సంస్థా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే.

మొదట ఈ మార్పు వల్ల కలిగే మేలు చెప్పకపోతే నేను పాతకాలపు మనిషినని కొట్టిపారేస్తారు. వానాకాలం మొదలై మృగశిర కార్తె ప్రవేశించిందంటే మాకు ఫోన్ల వరద మొదలవుతుంది. ఫలానా రకం పత్తి విత్తనం వచ్చిందా, డీఏపీ ఎన్ని బస్తాలు ఇస్తారు, డబ్బులు ఎప్పుడు కట్టాలి అని పరకాల, నర్సంపేట, ములుగు వైపు డీలర్లు, రైతులు పొద్దున ఎనిమిదింటి నుంచే ఫోన్ చేస్తుంటారు. పాత పద్ధతిలో ఒక్క ఆపరేటరు అన్ని కాల్సూ ఎత్తి, స్టాకు చూసే మనిషి సీటులో ఉన్నాడో లేడో తెలియక ఇంటర్‌కమ్‌లో మోగించి, ఎవరూ ఎత్తకపోతే మళ్లీ తానే అందుకుని 'సార్ లేరండీ, కాసేపాగి చెయ్యండి' అని చెప్పేవారు. ఇప్పుడు ఎవరు ఖాళీగా ఉన్నారో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క చూపిస్తుంది. వరంగల్‌లో అందరూ మాట్లాడుతూ ఉంటే అదే కాల్‌ను మంచిర్యాల శాఖ కుర్రవాడు ఎత్తుతాడు. ఎవరూ ఎత్తని కాల్ ఒకరి సెల్‌ఫోన్‌లో మిస్డ్ కాల్‌గా మిగిలిపోకుండా మొత్తం బృందానికి కనిపిస్తుంది కాబట్టి సాయంత్రం లోపు ఎవరో ఒకరు తిరిగి చేస్తారు. మన రైతులు మిస్డ్ కాల్ ఇచ్చి ఎదురుచూసే అలవాటు ఉన్నవారు కనుక ఈ ఒక్క సౌకర్యం కోసమే ఖర్చు పెట్టవచ్చని నా అభిప్రాయం.

ఇక టీమ్స్ వంటి వేదికకు ఫోన్ లైను ఎలా చేరుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు ఈ భాగాన్నే మసకగా వదిలేస్తున్నారు. టీమ్స్ గానీ జూమ్ గానీ తమంతట తాము చేయగలిగేది ఇంటర్నెట్‌లో ఒక సభ్యుడి నుంచి మరో సభ్యుడికి మాట చేరవేయడం. బయటి నుంచి ఎవరైనా పది అంకెల నంబరు నొక్కితే ఆ కాల్ లోపలికి రావాలంటే లైసెన్సు ఉన్న టెలిఫోన్ కంపెనీ లైను ఒకటి దానికి అతకాలి. మైక్రోసాఫ్ట్ 2018లో అందుబాటులోకి తెచ్చిన డైరెక్ట్ రౌటింగ్ పద్ధతిలో ఆ అతుకు మన ఇంట్లోనే పడుతుంది. మన పీఆర్ఐ లైనునో (ఒకే లైను మీద అనేక కాల్స్ మోసేది) సిప్ ట్రంకునో (అదే పనిని ఇంటర్నెట్ పద్ధతిలో చేసేది) సెషన్ బోర్డర్ కంట్రోలర్ అనే పరికరానికి కలుపుతాం. అది ఒక చేత్తో టెలిఫోన్ కంపెనీని, మరో చేత్తో టీమ్స్‌ను పట్టుకుని నిలబడుతుంది. 2021లో వచ్చిన ఆపరేటర్ కనెక్ట్ పద్ధతిలో ఆ పరికరమేదీ మన దగ్గర ఉండదు, టెలిఫోన్ కంపెనీయే తన వైపు నుంచి అతికించి నంబర్లను మన ఖాతాలో వేస్తుంది. మన దేశంలో ఎయిర్‌టెల్ 2023లో టీమ్స్‌కు ఇలాంటి సేవ మొదలుపెట్టింది. జూమ్ ఇంకో అడుగు ముందుకు వేసి 2023 ఏప్రిల్‌లో తానే దేశమంతటికీ టెలికాం లైసెన్సు తీసుకుని, 2024 అక్టోబరులో పుణెతో మొదలుపెట్టి ఇక్కడి నంబర్లు ఇవ్వసాగింది.

ఈ దారులలో ఆపరేటర్ కనెక్ట్ శుభ్రమైనది, తలనొప్పి తక్కువది. కానీ అందులో చేరగానే కొత్త కంపెనీ కొత్త నంబరు ఇస్తుంది. మన పాత నంబరు వేరే కంపెనీ లైను మీద ఉంటే అది రాదు. మొబైల్ విషయంలో 2010 నవంబరు 25న హరియాణాలో మొదలైన నంబరు మార్పిడి 2011 జనవరి 20 నాటికి దేశమంతా వచ్చింది. 2015 జూలై నుంచి ఒక రాష్ట్రం నంబరును మరో రాష్ట్రానికి కూడా తీసుకుపోగలుగుతున్నాం. ఇన్నేళ్లయినా ల్యాండ్‌లైన్‌కు ఆ హక్కు రాలేదు. ఇళ్లలో ల్యాండ్‌లైన్లు ఎలాగూ తగ్గిపోతున్నాయి కదా, ఎవరికి కావాలి అని అప్పట్లో అనుకుని ఉండవచ్చు. కానీ ఈ వేదికలలో వాడేదంతా స్థిర నంబర్లే గనుక, పోతుందనుకున్న ల్యాండ్‌లైన్ నంబరుకు ఇప్పుడే కొత్త ప్రాణం వచ్చింది.

మా సంస్థ అనుభవం చెబుతాను. మా 0870 నంబరు వయసు పాతికేళ్లకు పైనే. అది మా బిల్లు పుస్తకాల మీద, ఏటా డీలర్లకు పంచే గోడ క్యాలెండర్ల మీద, విత్తనాల సంచుల మీద ఉంది. పరకాల రోడ్డులోను, భూపాలపల్లి వైపు పల్లెల్లోను ఇళ్ల గోడల మీద రంగుతో రాయించినది ఇప్పటికీ చెరగలేదు. టీమ్స్‌కు ఫోన్ కలిపి ఇస్తామని వచ్చిన ఒక ఏజెన్సీ వారు, పేరు అనవసరం, 'మీ నంబరు మీకే ఉంటుంది సార్, మేము చూసుకుంటాం' అని మీటింగులో నోటిమాటగా చెప్పారు. మా యజమాని నమ్మి పాత లైను సరెండర్‌కు దరఖాస్తు కూడా సిద్ధం చేయించారు. కాగితంలో ఆ మాట ఎక్కడ ఉందని నేను అడిగితే, కాగితంలో ఉన్నది 'కొత్త స్థిర నంబర్ల కేటాయింపు' మాత్రమే. గట్టిగా నిలదీస్తే, పాత నంబరుకు వచ్చే కాల్స్‌ను కొత్త నంబరుకు ఫార్వర్డ్ చేసుకోవచ్చని, తాము అన్నది అదేనని మాట మార్చారు. ఫార్వర్డింగ్ చేయాలంటే పాత లైను బతికి ఉండాలి, దాని నెలసరి అద్దె కట్టాలి, పైగా మనం తిరిగి ఫోన్ చేసినప్పుడు అవతలివారికి కనిపించేది కొత్త నంబరు. తెలియని నంబరు నుంచి వచ్చే కాల్ మన జనం ఎత్తడం మానేసి చాలా కాలమైంది. నేను ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే పాత లైను పోయేది. అప్పగించిన నంబరును కొంతకాలానికి ఇంకెవరికైనా ఇచ్చే అవకాశం ఉంటుందని ఎక్స్ఛేంజీలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. మా గోడరాత చూసి ఫోన్ చేసిన రైతు ఎవరింటికి మోగించేవాడో!

అందుకని మేము పైన చెప్పిన డైరెక్ట్ రౌటింగ్ పద్ధతికే వెళ్లాం. పాత లైనును ఉంచుకుని, దాన్ని మా కార్యాలయంలోనే, లైనుకూ టీమ్స్‌కూ మధ్య అతుకుగా ఉండే ఒక చిన్న గేట్‌వే పెట్టెకు కలిపి, అక్కడి నుంచి టీమ్స్‌కు పంపాం. నంబరు దక్కింది. కానీ ఈ దారిలో ఒక మెలిక ఉంది, దాన్ని కూడా అమ్మేవారు చెప్పరు. బయటి టెలిఫోన్ వ్యవస్థలోని కాల్‌ను ఒక ఊళ్లో అందుకుని, దూరపు ఊరికి మన సొంత ఇంటర్నెట్ మీదుగా మోసుకుపోయి ఎస్టీడీ కంపెనీని తప్పించడాన్ని మన నిబంధనలు టోల్ బైపాస్ అంటాయి, దాన్ని అనుమతించవు. కాల్ సెంటర్ల వంటి సంస్థలకు 2020 నవంబరులోను, 2021 జూన్‌లోను చాలా సడలింపులు వచ్చాయి, రిజిస్ట్రేషన్ అవసరం కూడా పోయింది. అయితే మామూలు వ్యాపార కార్యాలయం ఏం చేసినా చెల్లుతుందని దాని అర్థం కాదు. టీమ్స్‌లో ఇందుకోసమే లొకేషన్ బేస్డ్ రౌటింగ్ అనే అమరిక ఉంది. దాన్ని పెడితే వరంగల్ గేట్‌వేకు వచ్చిన బయటి కాల్ ఆ కార్యాలయం నెట్‌వర్క్‌లో ఉన్నవారికే మోగుతుంది; ఇంట్లో కూర్చుని పనిచేస్తున్న మనిషికి మోగదు. ఎక్కడున్నా ఆఫీసు కాల్ ఎత్తవచ్చని ప్రకటనల్లో చూసి డబ్బు కట్టినవారు ఇక్కడ కంగు తింటారు. నేను పైన మెచ్చుకున్న మంచిర్యాల కుర్రవాడు ఎత్తే కాల్స్ కూడా ఈ పాత లైనువి కావు. టెలిఫోన్ కంపెనీయే నేరుగా ఇచ్చిన కొత్త నంబర్లకు వచ్చేవి. అంటే ఒకే సంస్థలో, నంబరు నిలుపుకున్నందుకు ఒక సౌకర్యం పోగొట్టుకుని, సౌకర్యం కావాలనుకున్నందుకు ఇంకో నంబరు కొనుక్కుని, రెండు లైన్ల బిల్లులు కడుతున్నాం. ఇది మా ఒక్కరి తెలివితక్కువతనం కాదని, నియమాల్లో ఉన్న ఖాళీ వల్ల వచ్చిన ఖర్చని నా మనవి.

ఈ ఖాళీని పూడ్చడం అసాధ్యమని కూడా నేననుకోను. ల్యాండ్‌లైన్ నంబరు ఊరి ఎస్టీడీ కోడ్‌తో ముడిపడి ఉంటుంది గనుక దేశమంతా తిప్పడం కష్టమేనని వాదించవచ్చు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అదే ఊళ్లో, అదే కోడ్ కింద, ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునే వీలైనా ఇవ్వవచ్చు కదా. టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్వీస్ ఏరియా కింద ఉన్నాయి. కనీసం ఆ పరిధిలో మొదలుపెట్టి చూడవచ్చు. మొబైల్ నంబరు మార్పిడికి పనికొచ్చిన ఉమ్మడి నంబర్ల జాబితా వంటిదే స్థిర నంబర్లకూ పెట్టడం ఇంజినీరింగు దృష్టితో కొత్త విద్యేమీ కాదు.

నంబరు గొడవ తరువాత నన్ను ఎక్కువగా వేధించినవి చిన్నచిన్న విషయాలే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న నియమం ఉంది. టీమ్స్ మాత్రం నంబరును ప్లస్ తొంభై ఒకటితో మొదలుపెట్టి రాస్తుంది. ఆ ప్లస్ తొంభై ఒకటిని తీసేసి సున్నా పెట్టి లైనుకు అందించే సూత్రం గేట్‌వేలో రాయకపోతే మొబైళ్లకు ఒక్క కాల్ కూడా పోదు; మాకు మొదటి రోజు జరిగింది అదే. మన ప్రాంతంలో ఇంకో చిక్కు కోడ్‌ల పొడవు. వరంగల్ 0870, కరీంనగర్ 0878. వీటి తరువాత ఏడు అంకెలు వస్తాయి. ఆదిలాబాద్ 08732, నిజామాబాద్ 08462. వీటి తరువాత ఆరే అంకెలు. హైదరాబాద్‌లో కూర్చుని 040 తరువాత ఎనిమిది అంకెలకు అలవాటుపడినవారు రాసిన సూత్రాలు ఆదిలాబాద్ నంబరును సగంలోనే తుంచేశాయి. వచ్చిన కాల్ నంబరు ఒక రూపంలోను, మన డీలర్ల జాబితాలో ఇంకో రూపంలోను ఉంటే పేరు కనిపించదు; జాబితానంతా ఒకే రూపంలోకి మార్చడానికి మా ఆఫీసు అమ్మాయిలకు రెండు వారాలు పట్టింది.

కాల్ అందుకోగానే వినిపించే స్వాగతం గురించి ఒక మాట. కంప్యూటరు చదివే తెలుగు మా రైతులకు సగమే అర్థమైంది. 'మీ కాల్ మాకు విలువైనది' అని విని, అది ఏదో బ్యాంకు లోన్ల ఫోననుకుని పెట్టేసినవారూ ఉన్నారు. ఈ వేదికలు మనం రికార్డు చేసిన గొంతును కూడా తీసుకుంటాయి. మా గోదాములో పనిచేసే నర్సంపేట వైపు మనిషితో 'విత్తనాలకైతే ఒకటి నొక్కండి, ఎరువులకైతే రెండు, ఏం నొక్కకపోయినా మనిషే మాట్లాడతడు' అని చెప్పించి పెట్టాం. ఆ చివరి మాట చాలా అవసరం. కీప్యాడ్ ఫోన్లు వాడే పెద్దవారు చెవి దగ్గర నుంచి ఫోను తీసి అంకె వెతికి నొక్కేలోపు సమయం మించిపోతుంది. కొన్ని గేట్‌వేలలో ఆ అంకెల శబ్దం అవతలి వైపుకు సరిగా చేరదు కూడా. కొత్త ఏర్పాటును పరీక్షించేటప్పుడు ఇంజినీర్లు తమ స్మార్ట్‌ఫోన్లతో చేసి బాగుందంటారు. ఒక పాత కీప్యాడ్ ఫోనుతో, ఊరవతల సిగ్నల్ తక్కువ ఉన్న చోటి నుంచి చేయించి చూడాలి.

మాట నాణ్యతకు నెట్ స్పీడే మందని చెప్పి పెద్ద ప్లాన్లు అంటగట్టడం కూడా చూస్తున్నాను. ఒక కాల్‌కు ఒక్కో వైపు సుమారు 90 కిలోబిట్లు చాలు. పది మంది ఒకేసారి మాట్లాడినా ఒక మెగాబిట్ దాటదు. మాట ఒక వైపు నుంచి మరో వైపుకు చేరడానికి 150 మిల్లీ సెకన్లు మించకుండా ఉంటే మంచిదన్నది అంతర్జాతీయ టెలికాం సమితి సిఫారసు. మాటలు ముక్కలయ్యేది ఆఫీసు వైఫై మీద సీసీ కెమెరాలు, వీడియోలు, ఫోన్లు అన్నీ కలిసి తోసుకున్నప్పుడు. మాటకు వేరే దారి ఇచ్చి, వీలైతే తీగతో కలిపితే మామూలు లైనే సరిపోతుంది.

కరెంటు సంగతి మాత్రం తేలిక కాదు. పాత రాగితీగ ఫోనుకు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టులు తీగ వెంటే వచ్చేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఇప్పుడు ల్యాండ్‌లైన్ కూడా చాలా చోట్ల ఫైబరు పెట్టె నుంచే వస్తున్నందున ఆ పెట్టె, రౌటరు, స్విచ్చి, గేట్‌వే, కంప్యూటరు అన్నిటికీ కరెంటు కావాలి. 2023 జూలై చివరి వారంలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగి, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో ఊరు ఊరే నీళ్లలో చిక్కుకున్నప్పుడు, మా కార్యాలయంలో రెండు రోజులు కరెంటు లేక కాల్స్ అన్నీ ఆగిపోయాయి. అప్పటికి ఇంకా ఇంటర్‌కమే గానీ అదీ కరెంటు మీద బతికేదే. ఆ రెండు రోజులు పనిచేసింది గేటు దగ్గర వాచ్‌మన్ గదిలోని ఒక పాత రాగితీగ ఫోను. కొత్త ఏర్పాటులో యూపీఎస్ లేకుండా సంతకం చేయనని నేను పట్టుబట్టడానికి కారణం ఆ రోజులే. లైను పడిపోతే కాల్స్ ఏ మొబైల్‌కు మళ్లాలో ముందే రాసి పెట్టడం కూడా తప్పనిసరి.

అత్యవసర నంబరు మాట కూడా చెప్పి ముగిస్తాను. బయటి కాల్‌కు ముందు సున్నానో తొమ్మిదో కొట్టే అలవాటున్న కార్యాలయాల్లో కంగారులో 112 అని నేరుగా కొడితే కాల్ పోకపోవచ్చు. అమెరికాలో ఇలాంటి చిక్కువల్లే ముందు ఏ అంకే లేకుండా అత్యవసర కాల్ పోయేలా చూడాలని 2018లో చట్టమే చేశారు. ఇక ట్రంకు ముంబయిలో తీసుకుని మంచిర్యాలలో మాట్లాడే సంస్థల్లో ఆ 112 కాల్ మహారాష్ట్ర వారికి చేరే అవకాశం ఉంది. కొత్తగా ఫోను కలుపుకునే ప్రతి ఆసుపత్రి, ప్రతి కాలేజీ హాస్టలు మొదటి రోజే ఈ కాల్ ఎలా పోతుందో ఏజెన్సీ చేత చేయించి చూపించమనాలి.

కనుక టెలికాం శాఖనూ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌నూ నేను కోరేది ఇది. ల్యాండ్‌లైన్ నంబరును అదే ఊళ్లో కంపెనీ మార్చుకునే హక్కు ఇవ్వండి. అది వచ్చేలోపు, వ్యాపార సంస్థలకు ఇలాంటి సేవ అమ్మే ప్రతి ఒక్కరూ 'పాత నంబరు రాదు' అన్న మాటను ఒప్పందం మొదటి పేజీలోనే తెలుగులో రాయాలని ఆదేశించండి. మడికొండలో, కరీంనగర్ ఐటీ టవర్‌లో కొత్తగా కార్యాలయాలు పెట్టేవారికి ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు, వారికి పాత నంబరంటూ ఉండదు. పాతికేళ్లుగా ఒకే నంబరుతో బతుకుతున్న ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులకు, మండిబజారు వ్యాపారులకు ఇది నష్టమే. పాత లైను సరెండర్ చేయమని ఎవరు చెప్పినా, ఈ లోపు మాత్రం దయచేసి చేయవద్దని వారికి నా మనవి.

మా పాత లైనుకు నెలనెలా అద్దె కడుతూనే ఉన్నాం. పోయిన వారం పరకాల దగ్గరి ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, తన ఇంటి గోడ మీద ఉన్న మా నంబరుకు మళ్లీ రంగు వేయిస్తారా, లేక సున్నం కొట్టుకోమంటారా అని అడిగాడు. రంగు వేయించమని చెప్పాం.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
హనుమకొండ.